మీకు తెలుసా? శంషాబాద్ దారిలో స్టార్ హోటల్ బస, దాని అసలు లెక్కలు

మన కాటేదాన్ పారిశ్రామికవాడకు ఈశాన్యంగా గుట్ట మీద ఫలక్‌నుమా ప్యాలెస్ ఉంది. దక్షిణంగా వెళ్తే శంషాబాద్ విమానాశ్రయమూ, దాని చుట్టూ స్టార్ హోటళ్లూ వస్తాయి. మధ్యలో ప్లాస్టిక్ యూనిట్లు, నూనె మిల్లులు, ఇనుప సామాను షెడ్లు. ఇలా రోజూ పెద్ద హోటళ్ల పక్కనుంచే వెళ్లే మనలో చాలామందికి, ఎప్పుడైనా లోపల దిగాల్సి వస్తే మాత్రం గొంతు తగ్గిపోతుంది. ఏదైనా అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం పట్టుకుంటుంది. వేలకు వేలు కట్టేది మనమే అయినప్పుడు ఆ మొహమాటం ఎందుకు? అక్కడ ఏది ఎలా నడుస్తుందో ముందే తెలిస్తే సగం బెరుకు పోతుంది.

దేశంలో పేరున్న హోటళ్లలో ఒకటి మన పక్కనే ఉంది

ఫలక్‌నుమాకు 1884 మార్చి 3న పునాది వేశారు. కట్టించింది పైగా వంశానికి చెందిన నవాబ్ వికార్ ఉల్ ఉమ్రా. నమూనా గీసింది విలియం వార్డ్ మారెట్ అనే ఆంగ్లేయుడు. పైనుంచి చూస్తే రెండు కొండీలు చాచిన తేలు ఆకారంలో ఉంటుంది. కట్టడం పూర్తయ్యేసరికి తొమ్మిదేళ్లు పట్టింది. అంతటి నవాబుకే ఈ భవనం అప్పుల బరువు తెచ్చిపెట్టింది. చివరికి ఇది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్లి, ఆయన అతిథి గృహమైంది. 1911లో ఆయన కన్నుమూసిందీ ఇక్కడే. ఆ తర్వాత ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే అతిథులే తప్ప భవనం చాలావరకు తాళాల వెనకే ఉండిపోయింది. 1951లో ఇక్కడ బస చేసిన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్‌ను ఆ పాత రోజుల చివరి ప్రముఖ అతిథిగా చెబుతారు.

నిజాం కుటుంబానికి చెందిన ప్రిన్సెస్ ఎస్రా పర్యవేక్షణలో పదేళ్లపాటు మరమ్మతులు జరిగాక, 2010 నవంబరులో తాజ్ సంస్థ దీన్ని హోటల్‌గా తెరిచింది. ముప్పై రెండు ఎకరాల ఆవరణలో గదులు మాత్రం అరవై. భోజనశాలలో ఒకేసారి 101 మంది కూర్చునే బల్ల ఉంది. 2017 నవంబరు 28న ఇవాంకా ట్రంప్‌కు ప్రధాని మోదీ విందు ఇచ్చింది ఆ బల్ల మీదే.

నా సలహా ఒక్కటే. ఫలక్‌నుమాను చూడాలన్న కోరిక ఉండి, రాత్రి బసకయ్యే ఖర్చు భరించలేకపోతే, ఫోన్ చేసి సాయంత్రం టీకి గానీ భోజనానికి గానీ ముందుగా బుక్ చేసుకోవచ్చేమో అడగండి. బుకింగ్ లేకుండా గేటు దాకా వెళ్తే వెనక్కి పంపుతారు. ఆ టీ ఖరీదు కూడా తక్కువేమీ ఉండదు. కానీ గది అద్దెతో పోలిస్తే అది చాలా చిన్న మొత్తం, పైగా చూడదగ్గ వైభవం ఎక్కువగా కనిపించేది గది బయటే.

ఎనిమిది గంటల నిద్రకు రెండు రోజుల అద్దె పడొచ్చు

విమానాశ్రయం దగ్గర దిగేవాళ్లందరూ ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి ఇది. 2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కు మారాయి. అదే ఏడాది విమానాశ్రయ ప్రాంగణంలో 305 గదులతో నోవోటెల్ వచ్చింది. మరుసటి ఏడాది అక్టోబరులో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండు కిలోమీటర్లకు పైగా పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే తెరుచుకుంది. దారి సుగమమైంది. మారనిది విమానాల వేళ. గల్ఫ్‌కు వెళ్లే విమానాల్లో చాలావరకు అర్ధరాత్రికీ తెల్లవారుజాముకీ మధ్యే బయల్దేరతాయి. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి మనిషిని సాగనంపడానికి ఇంటిల్లిపాదీ వస్తారు. విమానం తెల్లవారుజామున నాలుగింటికైతే ఒంటిగంటకే లోపలికి వెళ్లాలి.

హోటల్ రోజు మాత్రం మన రోజులా ఉండదు. సాధారణంగా మధ్యాహ్నం రెండింటికి మొదలై మర్నాడు పన్నెండింటికి ముగుస్తుంది. సాయంత్రం ఐదింటికి దిగి అర్ధరాత్రి దాటగానే వెళ్లిపోయినా పూర్తి రోజు అద్దే. దీనికంటే ఖరీదైనది తెల్లవారుజామున దిగేవాళ్ల పరిస్థితి. పొద్దున ఐదింటికి అమెరికా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు అప్పుడే గది కావాలంటే ముందు రాత్రి నుంచే బుక్ చేయాలి. ఆ రోజు తేదీకి బుక్ చేసి వెళ్తే, గది ఖాళీగా ఉంటేనే ఇస్తారు. లేకపోతే లాబీ సోఫాలో రెండింటిదాకా ఎదురుచూపు. కొన్ని చోట్ల అదనపు రోజు అద్దె అడుగుతారు.

ఈ అదనపు ఖర్చు తప్పించుకోవడానికి మూడు మార్గాలున్నాయి. పగటిపూట కొన్ని గంటలకు మాత్రమే గది ఇచ్చే పద్ధతి చాలా స్టార్ హోటళ్లలో ఉంది, దాన్ని డే యూజ్ అంటారు. వెబ్‌సైట్‌లో కనిపించకపోయినా ఫోన్‌లో అడిగితే చెబుతారు. విమానాశ్రయ ప్రాంగణంలోనే గంటల లెక్కన ఇచ్చే విశ్రాంతి గదులు ఉన్నాయి, ఒక్కరే ప్రయాణిస్తుంటే అవే మేలు. ఇక మూడోది బుక్ చేసేటప్పుడే విమానం నంబరు చెప్పి, ముందుగా దిగే సంగతి ఈమెయిల్‌లో రాయించుకోవడం. నోటిమాట ఇచ్చిన ఉద్యోగి ఆ పొద్దున డ్యూటీలో ఉండకపోవచ్చు.

తెల్లవారుజామునే వెళ్లిపోయేవాళ్లు బఫే టిఫిన్‌తో కలిపిన రేటు కట్టేసి ఉంటే, ముందు రోజు సాయంత్రం చెబితే చాలా హోటళ్లు టిఫిన్ డబ్బాలో సర్ది ఇస్తాయి. అడగకపోతే ఆ డబ్బు పోయినట్టే.

వంద రూపాయలు పెరిగితే వెయ్యి రూపాయలు దాటే పన్ను

2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదికి జీఎస్టీ 5 శాతం. అంతకు ముందు 12 ఉండేది. 7,500 దాటితే మాత్రం 18 శాతమే. లెక్క వేసి చూడండి. 7,500 గదికి పన్ను 375, మొత్తం 7,875 రూపాయలు. 7,600 గదికి పన్ను 1,368, మొత్తం 8,968. అద్దెలో తేడా వంద, బిల్లులో తేడా 1,093. ఈ లెక్క డిస్కౌంటు పోను మీరు నిజంగా కట్టే అద్దె మీద పడుతుంది. కాబట్టి 7,700 చెప్పిన చోట ఇంకో రెండు వందలు తగ్గించమని అడగడం పీనాసితనమేమీ కాదు.

భోజనం సంగతీ ఇలాంటిదే. గది అద్దె 7,500 దాటిన హోటల్లోని రెస్టారెంట్‌లో తింటే 18 శాతం, బయట మామూలు రెస్టారెంట్‌లో తింటే 5 శాతం. అదే బిర్యానీకి కాటేదాన్‌లో ఒక పన్ను, స్టార్ హోటల్లో మరో పన్ను.

యాప్ ధరే చివరి ధర అనుకోవద్దు

యాప్‌లో పెట్టినదానికంటే తక్కువకు ఇంకెక్కడా అమ్మకూడదని బుకింగ్ సంస్థలు హోటళ్లకు షరతులు పెట్టేవి. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ ఈ వ్యవహారంలో మేక్‌మైట్రిప్–గోఐబిబోకు 223 కోట్లకు పైగా, ఓయోకు 168 కోట్లకు పైగా జరిమానా వేసి, అలాంటి షరతులు తీసేయమంది. యాప్‌లో ధర చూసుకుని, నేరుగా హోటల్‌కు ఫోన్ చేసి ఎంతకిస్తారని అడగండి. ధర తగ్గకపోయినా టిఫినో, సాయంత్రం దాకా గదిలో ఉండే వీలో దొరకొచ్చు. పెద్ద హోటల్ గొలుసుల పాయింట్లు కూడా సాధారణంగా నేరుగా బుక్ చేసినవాళ్లకే వస్తాయి.

యాప్‌లో కనిపించే నక్షత్రాలను కూడా కాస్త చూసి నమ్మాలి. మన దేశంలో హోటళ్లకు అధికారికంగా నక్షత్రాలిచ్చేది కేంద్ర పర్యాటక శాఖ కమిటీ. దానికి దరఖాస్తు పెట్టాలా వద్దా అన్నది హోటల్ ఇష్టం. మనకు కనిపించే నాలుగు, ఐదు నక్షత్రాలు ఆ కమిటీవో, బుకింగ్ సంస్థ సొంత లెక్కవో చూడాలి.

లోకల్ ఆధార్ ఉంటే గది ఇవ్వం అనే చట్టం లేదు

ఇంట్లో రంగులు వేయిస్తున్నారనో, పెళ్లిరోజు అనో కాటేదాన్ వాళ్లే ఒక రాత్రి శంషాబాద్‌లో దిగాలనుకుంటారు. హైదరాబాద్ అడ్రసున్న ఆధార్ చూసి కొన్ని లాడ్జీలు గది లేదంటాయి. అది ఆ లాడ్జీ సొంత నియమం, చట్టం అలా చెప్పలేదు. పెద్ద హోటళ్లలో ఈ ఇబ్బంది తక్కువ. పెళ్లి కాని జంటల సంగతీ ఇంతే. పెళ్లి కాని ఇద్దరు పెద్దవాళ్లు ఒకే గదిలో ఉండడాన్ని నేరంగా చూసే చట్టం లేదని 2019లో మద్రాసు హైకోర్టు చెప్పింది.

గుర్తింపు కార్డుగా ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. యూఐడీఏఐ వెబ్‌సైట్‌లోనే అది దొరుకుతుంది. విదేశీ పాస్‌పోర్టున్న బంధువులు దిగితే హోటల్ 24 గంటల్లోగా ఆ సంగతి ప్రభుత్వానికి తెలపాలి. డాలస్ నుంచి వచ్చిన అన్నయ్య పాస్‌పోర్టును కౌంటర్‌లో అంతసేపు చూస్తున్నారంటే అనుమానించి చేస్తున్న పని అనుకోకండి.

కౌంటర్‌లో అడ్వాన్సుగా కొంత డిపాజిట్ కూడా అడుగుతారు. క్రెడిట్ కార్డైతే ఆ మొత్తాన్ని ఆపి ఉంచి, వెళ్లేటప్పుడు వదిలేస్తారు. డెబిట్ కార్డైతే డబ్బు ఖాతాలోంచే పోతుంది, తిరిగి రావడానికి రోజులు పట్టొచ్చు. నెలాఖరులో దిగేవాళ్లకు ఇది పెద్ద ఇబ్బందే.

తలుపు తెరిచే కార్డులో మీ బ్యాంకు వివరాలు ఉండవు

ఉంటాయని చాలాకాలంగా వాట్సాప్‌లో తిరుగుతున్న మాట వట్టిది. ఆ కార్డులో ఉండేది తలుపుకూ మీరు ఉండే రోజులకూ సంబంధించిన కోడ్. ప్లాస్టిక్ కార్డుతో తెరుచుకునే హోటల్ తాళాన్ని 1970లలో నార్వేకు చెందిన టోర్ సోర్నెస్ కనిపెట్టాడు.

గదిలో నీళ్ల సీసా మీద ఎంఆర్‌పీ ఒకటి, బిల్లు ఇంకొకటి

2017 డిసెంబరు 12న సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. హోటల్లో నీళ్లు తాగడం అంటే అక్కడి సేవను కూడా వాడుకోవడమే కాబట్టి ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చంది. ఈ తీర్పు నాకు రుచించలేదు. అయినా తెలుసుకోవడం అవసరం. సాధారణంగా బల్ల మీద పెట్టే రెండు సీసాలు ఉచితం, ఫ్రిజ్‌లోవి డబ్బులవి. సీసా మెడలో వేలాడే చిన్న కార్డు చదివాకే మూత తిప్పండి. ఉచితమైనవి అయిపోతే హౌస్‌కీపింగ్‌కు ఫోన్ చేసి ఇంకో రెండు అడగండి. చాలాచోట్ల తెచ్చి పెడతారు.

గదిలో చిన్న ఫ్రిజ్‌ను అమ్మకానికి వాడుకున్న మొదటి పెద్ద హోటల్‌గా 1974లో హాంకాంగ్ హిల్టన్ పేరు చెబుతారు. గదుల్లో పానీయాల అమ్మకం ఒక్కసారిగా పెరగడంతో మిగతా హోటళ్లూ అదే దారి పట్టాయి.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి, కాటేదాన్ సంగతి చెప్పకుండా దాటలేను. 2008లో ప్రచురితమైన అధ్యయనంలో ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఈ పారిశ్రామికవాడ నేలలో సీసం, క్రోమియం, నికెల్, జింక్ వంటి లోహాలు ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువగా ఉన్నాయని తేల్చారు. కొద్ది కిలోమీటర్ల అవతల గాజు సీసాలో నీళ్లు అమ్ముడవుతుంటే, ఇక్కడ బోరు నీళ్లను నమ్మలేని కుటుంబాలున్నాయి. పెద్ద హోటల్ బస గురించి నిజాయితీగా రాయాలంటే దాని గోడ అవతలి నేలను కూడా చూడాలి.

దుప్పట్లు తెల్లగానే ఎందుకుంటాయి?

మరక ఎక్కడున్నా కనబడుతుంది, అన్నీ కలిపి బ్లీచింగ్ వేసి వేడినీళ్లలో ఉతకొచ్చు. 1999లో వెస్టిన్ సంస్థ తెల్లటి పరుపును గొప్ప ఆకర్షణగా ప్రచారం చేశాక ఇది ప్రపంచమంతా పాకింది. తెలుపు చూసి ఊరుకోకండి. పరుపు మీద పరిచే రంగు గుడ్డ, అలంకరణ దిండ్లు రోజూ ఉతుకుతారన్న నమ్మకం లేదు, వాటిని పక్కన పెట్టేయండి.

కారు తాళం ఇచ్చాక బాధ్యత ఎవరిది?

చీటీ మీద ‘యజమాని బాధ్యతపైనే’ అని ముద్రించి ఉంటుంది. 1998లో ఢిల్లీలోని ఒక పెద్ద హోటల్లో వ్యాలెట్‌కు అప్పగించిన మారుతీ జెన్ పోయింది. కేసు రెండు దశాబ్దాలు నడిచి, 2019 నవంబరు 14న సుప్రీంకోర్టులో తేలింది. తాళం తీసుకున్న హోటల్ తన నిర్లక్ష్యం వల్ల కారు పోతే, ఆ చీటీ మాట చూపించి తప్పించుకోలేదని కోర్టు చెప్పింది. కారు తిరిగొచ్చేదాకా చీటీ భద్రంగా పెట్టుకోండి.

బిల్లులో సర్వీస్ చార్జీ తీసేయమని అడగొచ్చు

మన అనుమతి లేకుండా సర్వీస్ చార్జీ కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలిచ్చింది. హోటల్ సంఘాలు కోర్టుకెళ్లాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను నిలబెట్టింది. జీఎస్టీ వేరు, ఇది వేరు. బిల్లులో ఆ పేరు కనిపిస్తే తీసేయమని మర్యాదగా చెప్పండి. వినకపోతే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. బిల్లు ఫొటో దగ్గర ఉంచుకోండి.

ఆ మొత్తం చేతిలో మిగిలితే, దాన్ని గది శుభ్రం చేసే అమ్మాయికో అబ్బాయికో ఇవ్వాలని నా కోరిక. ఒక షిఫ్టులో పది, పదిహేను గదులు సర్దుతారు. బఫేలో వడ్డించే వాళ్లకు, సామాను మోసే వాళ్లకు చేతిలో పది రూపాయలు పడతాయి గానీ, మనం బయటికి వెళ్లాక వచ్చి పరుపు మార్చేవాళ్లు మన కంటికే పడరు. రేపు వచ్చేది వేరే మనిషి కావచ్చు కాబట్టి చివరి రోజు ఒక్కసారిగా పెట్టేకంటే ఏ రోజుకారోజు ఇవ్వడం మంచిది. ఊరికే నోటు బల్ల మీద పెడితే మరచిపోయారనుకుని ముట్టుకోరు. హోటల్ పేరున్న కాగితం మీద ‘హౌస్‌కీపింగ్ వారికి, ధన్యవాదాలు’ అని తెలుగులో రాసి, దిండు మీద దాంతోపాటు పెట్టండి.