పచ్చికబయలులో రాతి చావడి

పిల్లలూ! చారిత్రక కట్టడం అనగానే మీకు గోలకొండ కోటో, వేయిస్తంభాల గుడో గుర్తుకు వస్తుంది. కాని అమెరికాలో ఒక చిన్న పల్లెలో ఉన్న మామూలు చావడిని కూడా అక్కడి ప్రభుత్వం చారిత్రక సంపదగా కాపాడుతున్నది. దానికి శిల్పాలు లేవు, గోపురం లేదు. కట్టింది కూడా 1939లో, అంటే మీ ముత్తాతగారి కాలంలోనే. మరి దానికి అంత విలువ ఎలా వచ్చింది?

ఆ ఊరి పేరు నికోడెమస్. కాన్సస్ రాష్ట్రానికి వాయవ్య భాగంలో ఉన్నది. అక్కడ ఎటు చూసినా పచ్చికబయళ్ళే. ఏటి ఒడ్డున తప్ప చెట్లు కనిపించవు. ఇలాంటి బయళ్ళను ప్రెయిరీలు అంటారు.

అమెరికాలో నల్లవారిని బానిసలుగా కొని అమ్మే దురాచారం 1865లో చట్టరీత్యా అంతమయింది. స్వేచ్ఛ వచ్చింది గాని, వారికి దున్నుకునేందుకు సొంత భూమి లేదు. అందుచేత 1877లో కెంటకీ రాష్ట్రం నుంచి కొన్ని వందలమంది పడమటికి బయలుదేరారు. ఎల్లిస్ అనే ఊరిదాకా రైలులో వెళ్ళి, అక్కడినుంచి రెండు రోజులు నడిచారు.

మరుసటి వసంతంలో వచ్చినవారిలో విలియానా హిక్‌మన్ అనే ఆమె ఉన్నది. ఊరు ఎక్కడా అని ఆమె అడిగితే, భర్త నేలలోంచి లేస్తున్న పొగను చూపించాడు! కలప దొరకదు గనుక అక్కడివాళ్ళు నేలను తొలుచుకుని అందులోనే కాపరం ఉంటున్నారు. అది చూసి ఆమెకు ఏడుపు ఆగలేదు. కొన్ని కుటుంబాలు తిరిగిపోయాయి. ఆమె మాత్రం పోలేదు.

ఉన్నవారు భూమి దున్నారు, పంట తీశారు. బడీ, ప్రార్థన మందిరాలూ, దుకాణాలూ వెలిశాయి. రెండు వార్తాపత్రికలు కూడా నడిచాయి. ఆ ఊళ్ళో స్థిరపడిన మెకేబ్ అనే నల్లజాతి యువకుడు 1882లో రాష్ట్ర ఆడిటరుగా ఎన్నికయ్యాడు.

ఇక రైలు కూడా వస్తుందని అందరూ ఆశపడ్డారు. తీరా 1888లో రైలుమార్గం ఊరిని తాకకుండా, కొన్ని మైళ్ళ అవతల, ఏటికి దక్షిణంగా పోయింది. దుకాణదారులు పట్టాల వెంట తరలిపోయారు. 1930 తరువాత పనులు కరువై, పైరు ఎండి, ధూళి తుఫానులు చెలరేగాయి. బతుకు తెరువు కోసం మరెందరో వలసపోయారు.

సరిగా ఆ కష్టకాలంలోనే చావడి లేచింది! పని లేనివారికి పని కల్పించడానికి ప్రభుత్వం పెట్టిన పథకం కింద దానిని కట్టారు. చేసినవారికి కూలి దొరికింది, ఊరికి చావడి మిగిలింది.

దాని గోడలు సున్నపురాతివి. మన తాండూరు బండ కూడా సున్నపురాయే. కాన్సస్‌లో ఆ ప్రాంతమంతా సుమారు 8 కోట్ల ఏళ్ళ క్రితం సముద్రం. అందులోని సూక్ష్మజీవుల పెంకులు అడుగున పేరుకుని, అణిగి అణిగి రాయిగా మారాయి. చెట్లు లేని చోట మనిషికి ఆ పాతసముద్రం రాయినిచ్చిందన్నమాట!

మన పల్లెలకు రచ్చబండ ఎటువంటిదో, వారికి ఆ చావడి అటువంటిది. ఊరి సభలూ, విందులూ, ఆటపాటలూ అక్కడే. ఇప్పుడు ఊళ్ళో కాపరం ఉండేవారు కొద్దిమందే. అయినా ఏటా జూలై చివర, దేశం నలుమూలల ఉన్న ఆ కుటుంబాలవారు పిల్లా పాపలతో సొంత ఊరికి వస్తారు. బానిసత్వం తొలగిన సంతోషంతో వారి పూర్వులు మొదలుపెట్టిన పండుగ అది.

1976లో ప్రభుత్వం నికోడెమస్‌ను జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. 1996 నుంచి జాతీయ ఉద్యానవనాల శాఖ ఊరి సంరక్షణలో పాలుపంచుకుంటున్నది. చావడి, రెండు ప్రార్థన మందిరాలు, బడి, పాత హోటలు, ఈ ఐదు కట్టడాలే ఆ ఊరి చరిత్రకు ఆనవాళ్ళు. చూడవచ్చినవారికి ఎన్నో ఏళ్ళపాటు ఆ చావడిలోనే ఊరి కథ వినిపించేవారు.

చూశారా! రాళ్ళు అలాంటివి ఎక్కడైనా దొరుకుతాయి. నేల తొలుచుకుని బతికినవారి సంతతి పదిమందీ కూర్చునేందుకు నేలపైన కట్టుకున్న చావడి మాత్రం మరొకటి దొరకదు. అది కూలిపోతే, ఏటా తిరిగివచ్చే ఆ పిల్లలకు తాతలు చూపించి చెప్పడానికి ఏముంటుంది?

మీ ఊళ్ళో కూడా పాత చావడో, రచ్చబండో, గ్రంథాలయమో ఉండే ఉంటుంది. దానిని ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో ఇంట్లో పెద్దవారిని అడగండి. వారు చెప్పినది ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి.