ఔషధానికి ముందు నేల: కొల్లూరు లంకల పసుపు

పసుపును గురించి పాఠకులు నన్ను అడగని ప్రశ్న లేదు. పాలలో వేయాలా, తేనెతో నాకాలా, మధుమేహానికి ఉసిరికతో కలిపి ఎంతకాలం సేవించాలి, ముఖానికి ఏ పసుపు మంచిది అని ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఆ పసుపు ఏ నేలలో, ఏ విధంగా పండిందని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. శాస్త్రం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

సుశ్రుతసంహిత సూత్రస్థానంలో ముప్పది ఆరవ అధ్యాయానికి భూమిప్రవిభాగీయమని పేరు. ఔషధాన్ని సేకరించే చోట గుంటలు, రాళ్ళు, పుట్టలు, శ్మశానాలు ఉండరాదనీ, నేల మెత్తగా, సమంగా, నీటికి చేరువలో ఉండాలనీ అందులో చెప్పబడింది. పురుగు తిననిది, విషం సోకనిది, ఎండకు మాడనిది, నిప్పుకు కమలనిది అయిన మొక్కనే తీసుకోవాలనే నియమమూ అక్కడే ఉంది. మా గురువుగారు మూలిక తెచ్చినవానిని ముందు చోటు అడిగేవారు. ఆ తరువాతనే మూలికను చేతిలోనికి తీసుకొనేవారు. 'విషం సోకనిది' అన్న మాటకు ఆనాడు ఆయన చాలాసేపు వ్యాఖ్యానం చెప్పవలసి వచ్చేది. నేడు ఏ మండల కేంద్రంలోనైనా పురుగుమందుల దుకాణం ముందు నిలబడితే ఆ వ్యాఖ్యానం దానంతట అదే తెలుస్తుంది.

కొల్లూరు మండలం 2022 ఏప్రిల్ నుండి బాపట్ల జిల్లాలో ఉంది. అంతకుముందు గుంటూరు జిల్లాలోనిది. కృష్ణానది తెచ్చి పోసిన ఒండ్రుమట్టితో ఏర్పడిన లంకలు ఇక్కడి సంపద. పసుపు, కంద, అరటి ఈ మట్టిని ఎంతగా ప్రేమిస్తాయో చూచి తెలుసుకోవలసినదే. నీరు నిలువని, వేరు సులభంగా దిగే, తడి ఆరని మట్టి దుంపజాతికి తల్లి వంటిది. పసుపు వేసవి ముగిసి తొలకరి పడేవేళ నాటుకొని, ఎనిమిది తొమ్మిది మాసాలు భూమిలో ఉండి, మాఘ ఫాల్గుణాలలో బయటపడుతుంది. పచ్చి దుంపను ఉడికించి ఎండబెడితే నాల్గవ వంతో, ఐదవ వంతో మిగులుతుంది. దానిని మెరుగుపెట్టి దుగ్గిరాల యార్డుకు చేరుస్తారు.

ఇంతకాలం భూగర్భంలో ఉండే పంట కనుక తెగుళ్ళ బెడద ఎక్కువ. దుంపకుళ్ళు వచ్చిందంటే చూస్తూండగానే మడి మడి పసుపుపచ్చబారి వాలిపోతుంది. ఎకరానికి ఎనిమిది నుండి పది క్వింటాళ్ళ విత్తనపు దుంప పెట్టిన రైతు ఆ స్థితిలో దుకాణదారు ఏ డబ్బా చేతికిస్తే దానిని తెచ్చి పోస్తాడు. అతనిని నిందించి ప్రయోజనం లేదు. అయితే మనం లేఖనీయమనీ, కుష్ఠఘ్నమనీ, విషఘ్నమనీ చరకుడు ప్రశంసించిన హరిద్రను విషంలో నాని వచ్చిన దుంప రూపంలో సేవిస్తే దాని గుణం గురించి ఏమి చెప్పగలం? ఉడికించడంతో మందుల అవశేషాలన్నీ పోతాయని నమ్మరాదు.

ఈ చిక్కును విడదీయడానికి మన రాష్ట్రంలో జరిగిన ప్రయత్నం చిన్నది కాదు. 2004 నుండి మహిళా సంఘాల ఆధారంగా పురుగుమందులు లేని సేద్యం నేర్పారు. 2016లో రైతు సాధికార సంస్థ ద్వారా, సుభాష్ పాలేకర్ పద్ధతులను తీసుకొని, ప్రకృతి వ్యవసాయం ఊరూరా ప్రారంభమైంది. 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవుపేడ, 5 నుండి 10 లీటర్ల గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి కలిపి రెండు రోజులు పులియబెట్టిన జీవామృతం ఒక ఎకరానికి సరిపోతుంది. విత్తనపు దుంపను పేడ, మూత్రం, సున్నం కలిపిన బీజామృతంలో ముంచి నాటుతారు. మధ్య మధ్య ఇతర పంటలు వేసి నేలను ఖాళీగా ఉండనివ్వరు.

ఇది యథాతథంగా మన ప్రాచీన గ్రంథాలలో ఉన్నదేనని కొందరు సభలలో అంటున్నారు. అది సత్యం కాదు. సురపాలుని వృక్షాయుర్వేదం 1996లో సికింద్రాబాదులో ఆంగ్లానువాదంతో అచ్చయింది. అందులోని కుణపజలం మాంసం, మజ్జ వంటివాటిని పులియబెట్టి చేసేది. పద్ధతి వేరు, ద్రవ్యాలు వేరు. మట్టికి ఆహారం పెట్టాలన్న భావం ఒక్కటే. అలాగే 'పెట్టుబడి లేని సేద్యం' అన్న తొలినాటి పేరు కూడా నాకు రుచించలేదు. ఆవుకు మేత, మనిషికి కూలి పెట్టుబడి కావా? 2019లో జాతీయ వ్యవసాయ విజ్ఞానశాస్త్రాల అకాడమీలోని శాస్త్రవేత్తలు దిగుబడులను గురించి గట్టి సందేహాలే వెలిబుచ్చారు. వరిని గురించి తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. మందుగా వాడే పసుపు విషయంలో దిగుబడి ఒక్కటే కొలత కాదని వైద్యునిగా చెప్పగలను.

2024 జూలైలో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో గుల్బెంకియన్ పురస్కారం ప్రకటించినప్పుడు మన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంతోపాటు దానిని పంచుకొన్న ఇద్దరిలో ఒకటి ఈజిప్టు దేశపు సెకెమ్ సంస్థ. దాని కథ వైద్యులందరూ తెలుసుకోదగినది. ఇబ్రహీం అబూలైష్ అనే ఔషధశాస్త్రజ్ఞుడు ఆస్ట్రియాలో చదివి, అక్కడే పనిచేసి, 1977లో స్వదేశానికి వచ్చి కైరోకు ఈశాన్యంగా ఎడారి ఇసుకలో మూలికలు పండించసాగాడు. తన పొలంలో ఏ మందూ చల్లకపోయినా మూలికలలో విషపు అవశేషాలు కనబడినాయి. చుట్టుపక్కల పత్తి చేలపై విమానాలు చల్లిన మందు గాలికి వచ్చి పడుతున్నదని తేలింది. మూలిక శుద్ధిగా ఉండాలంటే ఇరుగుపొరుగు పత్తి కూడా మారాలని గ్రహించి, విషం చల్లకుండా పత్తి పురుగును అదుపుచేసే మార్గాన్ని పండించి చూపించాడు. ఆ మధ్యధరా సముద్ర తీరదేశాలవారు తమ గోధుమ, ఆలివు నూనె, పప్పులు, కూరగాయల భోజనాన్ని 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చుకొన్నప్పుడు కూడా వంటకాలను మాత్రమే చెప్పుకోలేదు. సేద్యం, చేపలవేట, పంటకోత, అందరూ కూర్చొని తినడం అన్నీ కలిపి ఒకే సంస్కృతిగా చెప్పుకొన్నారు.

కొల్లూరు లంకలలోనూ అదే చిక్కు. గట్టు పక్కవాడు మందు కొడితే ఆ తుంపర ఇవతలి చేనికి రాక మానదు. దానికన్నా పెద్ద చిక్కు కౌలు. మట్టి తిరిగి కోలుకోవడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. కౌలు ఏటికేడు మారుతుంది. మరొకరి నేలకు ఎవడు పేడ మోస్తాడు? పంట నష్టపోతే పరిహారం పత్రం ఎవరి పేర ఉంటే వారిది. సాగుదారులకు హక్కుపత్రం ఇచ్చే 2019 నాటి చట్టం కూడా భూయజమాని సంతకం కావాలన్నది.

నాకు తెలిసిన ఒక కౌలురైతు లంకలో ఎకరం పసుపును రెండేళ్ళపాటు ఈ పద్ధతిలో పండించాడు. తెనాలిలో పది కుటుంబాలు నాటువేళనే కొంత సొమ్ము ముందుగా ఇచ్చి, మాఘమాసంలో కొమ్ములు తీసుకొనేటట్లు ఏర్పాటు చేసుకొన్నాయి. మూడవ ఏడు 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి నుండి పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగింది. లంకలు మునిగినాయి. పసుపు దుంప నీటి అడుగున రోజుల తరబడి ఉంటే మిగిలేదేముంది? రెండు కుటుంబాలు సొమ్ము వెనక్కు అడిగాయి. అది వారి హక్కు, రైతు అప్పుచేసి ఇచ్చాడు. ఎనిమిది కుటుంబాలు అడగలేదు. ఆ సొమ్ముతోనే మరుసటి సంవత్సరం విత్తనం కొన్నాడు. అదీ లేకపోతే అతడు దుకాణదారు అరువు మీద పాత పద్ధతికి పోయేవాడు; నేనైనా కాదనగలిగేవాడిని కాను.

గృహస్థులు చేయదగినది ఇది. ఇంటికి సంవత్సరానికి కావలసిన పసుపు రెండు మూడు కిలోలకు మించదు. పొడి కొనవద్దు, కొమ్ములు కొనండి. మరీ నిగనిగలాడే పసుపు రంగును చూచి మురియవద్దు. మెరుగుపెట్టే సమయంలో రంగుకోసం సీసం గల లెడ్ క్రోమేట్ పూసే దురాచారం కొన్నిచోట్ల బయటపడింది. పొరుగున బంగ్లాదేశ్‌లో 2019లో ఇది పరిశోధనలో తేలి ప్రభుత్వం గట్టి చర్యలు తీసుకొన్నది. సీసం పసిపిల్లల మెదడుకు హానికరం. మెరుగుపెట్టని, కొంచెం మసకగా ఉండే కొమ్మే శ్రేష్ఠం. అమ్మేవానిని మూడు సంగతులు అడగండి: ఏ ఊరిది, దుంపకుళ్ళుకు ఏమి వాడారు, నేల సొంతమా కౌలా. యార్డు ధరకన్నా నాలుగు రూపాయలు ఎక్కువ చెబితే బేరమాడకండి.

మధుమేహంలో పసుపు, ఉసిరిక శ్రేష్ఠమని వాగ్భటుడు చెప్పాడు. అర చెంచా పసుపు, ఒక చెంచా ఉసిరిక పొడి ఉదయం గోరువెచ్చని నీటితో సేవించవలెను. చక్కెరకు మాత్రలు వాడేవారు వైద్యునికి తెలిపి, పరీక్షలు చేయించుకొంటూ వాడవలెను, మాత్రలు మానరాదు. పిత్తాశయంలో రాళ్ళతో దారి మూసుకొన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు కూరలో వేసుకొనే పసుపుతోనే సరిపెట్టుకోవలెను.

ఆ లంకలదే మరో పంట కంద. దుంపకూరలలో ఇది శ్రేష్ఠమని భావప్రకాశం చెబుతుంది. మొలల వ్యాధికి పథ్యం. చింతపండు పులుసులో బాగా ఉడికిస్తేగాని గొంతు దురద పోదు. దద్దురోగులు, ఇతర చర్మవ్యాధులున్నవారు, రక్తస్రావం కలవారు దీనిని మానవలెను. కొమ్ములను రెండు రోజులు ఎండబెట్టి, వేపాకు పరచిన మట్టికుండలో పోసి, మూతకు గుడ్డకట్టి ఉంచుకొని, నెలకు కావలసినంత దంచుకోవలెను.