పెళ్లి ఫోటోలు ఎంతవరకు మాట్లాడుకోవాలి?

తుమ్మపాల పరిసర గ్రామాలలోని పాల సంఘాల తనిఖీకి వెళ్లినపుడు సభ్యులు పద్దుల సంగతితోపాటు ఇంటి ఖర్చుల సంగతి కూడా మాతో ముచ్చటిస్తుంటారు. "పిల్ల పెళ్లికి ఫోటోలు, వీడియో ఎంతవరకు మాట్లాడమంటారు బాబూ?" అన్న ప్రశ్న ఈ మధ్య తరచుగా వినవస్తున్నది. దీనిని గురించి నాలుగు మాటలు చెప్పదలచినాము.

రీలు కాలంలో ఈ చిక్కు తక్కువ. 35 మిల్లీమీటర్ల రీలుకు 36 బొమ్మలు వచ్చేవి. ప్రతి బొమ్మకూ ఖర్చు కనుక ఫోటోగ్రాఫరు చూచి మరీ నొక్కేవాడు. డిజిటల్ కెమెరాలు వచ్చిన పిదప వేలకొద్దీ తీస్తున్నారు. కాని 30 షీట్ల ఆల్బంలో షీటుకు అయిదు చొప్పున పట్టేవి 150 మాత్రమే. అనగా నాలుగు రీళ్ల పైచిలుకు. పాలను లీటర్లలో కొలిచినా ధర కట్టేది వెన్న శాతాన్ని చూచి కదా! ఫోటోల విషయమూ అంతే. ఎన్ని తీస్తారన్నది కాదు, ఏవి తీస్తారన్నది ముఖ్యం.

మొదట పాల బిల్లుతో లెక్క: ఉదాహరణకు ఒక సభ్యుడు రోజుకు 8 లీటర్లు పోస్తాడనీ, లీటరుకు 40 రూపాయలు వస్తుందనీ అనుకొందాము. పదిహేను రోజులకు బిల్లు 4,800 రూపాయలు. దాణా, మేత ఖర్చులకు సగం పోతే మిగులు 2,400. ఫోటోలకు, వీడియోకు 60,000 రూపాయలకు ఒప్పుకొంటే అది 25 బిల్లుల మిగులు. ఏడాది దాటిన రాబడి. అప్పు చేస్తే వడ్డీ అదనం. ఆ సొమ్ముతోనే పశువుల దాణా, పిల్లల చదువు నడవాలని మరువరాదు.

తరువాత ఘట్టాల జాబితా: తప్పనిసరివి ఒక పక్క, ఉంటే బాగుండునన్నవి మరొక పక్క కాగితం మీద వ్రాసుకొనవలెను. జీలకర్ర-బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, సప్తపది, అప్పగింతలు మళ్లీ తీయడానికి వీలులేనివి. ఇరువైపుల తాతలు, అమ్మమ్మలు, మేనమామలతో కలిసి తీసే ఫోటోలు కూడ అట్టివే. పెద్దవారి ఫోటో ఒక్కటైనా లేదని పదేళ్ల తరువాత బాధపడే ఇళ్లున్నాయి. డ్రోన్ వీడియో లేదని బాధపడిన ఇల్లు మాకు కనబడలేదు. పెళ్లికి ముందు షూటింగు, డ్రోన్, తెర వంటివి రెండవ పక్కకు చెందినవి.

గంటలను ముహూర్తం నుండి లెక్కించాలి: రాత్రి 10.30కి ముహూర్తమనుకొందాము. ఎనిమిది గంటల ఒప్పందం సాయంత్రం 5కే మొదలైతే రాత్రి 1తో సరి. అలంకరణకు మూడు గంటలు పోయి, తెల్లవారుజామున అప్పగింతలకు కెమెరా ఉండదు. రాత్రి 8కి మొదలుపెడితే ఎదురుకోలు మొదలు 4 గంటల వరకు అదే సొమ్ముకు జరుగుతుంది. నలుగు, పందిరి రాట వంటి వాటికి ఇంటి కుర్రవాని సెల్‌ఫోను చాలును.

మనుషుల సంఖ్య: ఒకే మండపంలో, మూడు నాలుగు వందల మందితో జరిగే పెళ్లికి ఫోటోకు ఒకరు, వీడియోకు ఒకరు సాధారణంగా సరిపోతారు. వరుని ఇంట, వధువు ఇంట ఒకే సమయంలో తంతులుంటేనే మరొకరి అవసరం.

కొటేషన్లు, ఒప్పందం: సంఘానికి క్యాన్లు కొనేటపుడు మూడు కొటేషన్లు తెప్పించి పోల్చి చూస్తాము. ఇక్కడ కూడ అదే పద్ధతి. గంటలు, మనుషులు, షీట్ల సంఖ్య, ఆల్బం ఇచ్చే గడువు, గంట మించితే అదనపు రేటు, అడ్వాన్సు, ఇవన్నీ కాగితం మీద ఉండవలెను. మాట్లాడుకొన్న మనిషే వస్తాడా, మరొకరిని పంపుతాడా అన్నది కూడ వ్రాయించండి. ఆల్బం చేతికి వచ్చే వరకు కొంత సొమ్ము నిలిపి ఉంచుట మంచిది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేనిచో, డబ్బిచ్చి తీయించుకొన్న ఫోటోలకు మొదటి హక్కుదారు తీయించుకొన్నవారే. కావున ఎంపిక చేసినవే కాక మొత్తం ఫోటోలు అడిగి తీసుకొని రెండు చోట్ల భద్రపరచండి.

వియ్యాలవారి ఇంట ఎంత పెట్టారన్నది మనకు కొలత కాదు. మన ఇంటి పాల బిల్లే కొలత. ముహూర్తం పెట్టుకొన్న వారం లోపలే ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ జాబితా వ్రాసుకొంటే, తీరా పెళ్లినాడు తగవూ ఉండదు, తరువాత అప్పూ ఉండదు.