‘పిక్ అప్ మీ’ కాదు... ‘పిక్ మీ అప్’!
చిన్న మాటల దగ్గరే ఇంగ్లీషు అసలు పరీక్ష

‘ఇంప్లిమెంటేషన్’, ‘ఆప్టిమైజేషన్’ లాంటి పెద్ద మాటల దగ్గర మన విద్యార్థులు అంతగా తడబడరు. ప్రాజెక్టు రిపోర్టులో రాసీ రాసీ అవి నోటికి వచ్చేసి ఉంటాయి. చిక్కంతా అప్, ఆఫ్, ఇన్, అవుట్, ఆన్ లాంటి బుల్లి మాటలతోనే. వాటి పక్కన ‘మీ’, ‘హిమ్’, ‘ఇట్’ ఎక్కడ పెట్టాలన్నది మరో చిక్కు. హైదరాబాద్ ఐటీ కంపెనీ కావచ్చు, భీమవరం రొయ్యల ఎగుమతి ఆఫీసు కావచ్చు, వేరే రాష్ట్రాల కొనుగోలుదారులతో మాట్లాడాల్సిన కడియం నర్సరీ కావచ్చు. రోజూ ఫోన్లో, మెయిల్లో వాడాల్సింది ఈ మాటలనే.

క్రియకు ఇలాంటి చిన్న మాట తగిలి కొత్త అర్థం వస్తే దాన్ని ‘ఫ్రేజల్ వెర్బ్’ అంటారు. లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో తన పుస్తకంలో వాడాక ఈ పేరు స్థిరపడింది. పేరు కొత్తగా అనిపించినా పద్ధతి మనకు తెలియనిదేం కాదు. గోదావరికి వరదొస్తే గట్టు ‘కొట్టుకుపోయింది’ అంటాం. ‘కొట్టడం’ వేరు, ‘పోవడం’ వేరు. రెండూ కలిస్తే మూడో అర్థం వచ్చింది. ‘గివ్’ అంటే ఇవ్వడం, ‘గివ్ అప్’ అంటే వదిలేయడం. అదే లెక్క.

మధ్యలో కూర్చునే ‘ఇట్’

‘ఫిల్ ఇన్ ది ఫామ్’ అనొచ్చు, ‘ఫిల్ ది ఫామ్ ఇన్’ అనొచ్చు. రెండూ ఒప్పే. కానీ ‘ఫామ్’ బదులు ‘ఇట్’ వచ్చిందంటే దానికి ఒకే చోటు ఉంది, మధ్యలో. ‘ఫిల్ ఇట్ ఇన్’ అనాలి, ‘ఫిల్ ఇన్ ఇట్’ అనకూడదు. ‘టర్న్ ఇట్ ఆఫ్’, ‘కాల్ హిమ్ బ్యాక్’, ‘హ్యాండ్ ఇట్ ఓవర్’, ‘పిక్ మీ అప్’ కూడా ఇంతే.

ఎందుకిలా? ఇంగ్లీషు వాక్యంలో కొత్త విషయం, ముఖ్యమైన విషయం సాధారణంగా చివర వస్తుంది. ‘ఇట్’ అనేసరికే అదేమిటో వినేవాళ్లకు తెలుసు. అందుకే దాన్ని మధ్యలో పెట్టి, ‘ఆఫ్’, ‘అప్’ లాంటి మాటను చివర ఒత్తి పలుకుతారు.

విడదీయకూడనివి

అన్నిట్లోనూ ‘ఇట్’ మధ్యలోకి రాదు. ‘లుక్ ఫర్ ఇట్’, ‘లుక్ ఆఫ్టర్ హర్’, ‘వెయిట్ ఫర్ మీ’, ‘గో త్రూ ఇట్’ అనాలి. ఇక్కడ క్రియను, చిన్న మాటను విడదీయకూడదు. రెండు రకాలనూ గుర్తుపట్టడానికి తేలిక పరీక్ష ఒకటుంది. ముందు నామవాచకాన్ని మధ్యలో పెట్టి చూడండి. ‘లుక్ ది వర్డ్ అప్’ కుదురుతుంది, కాబట్టి ‘లుక్ ఇట్ అప్’. ‘లుక్ ది ఫైల్ ఫర్’ కుదరదు, కాబట్టి ‘లుక్ ఫర్ ఇట్’.

చోటు మారితే అర్థమే మారే సందర్భాలూ ఉన్నాయి. ‘ఐ విల్ సీ ఇట్ త్రూ’ అంటే పనిని చివరిదాకా పూర్తి చేస్తానని. ‘ఐ కెన్ సీ త్రూ ఇట్’ అంటే అందులోని మోసం నాకు తెలిసిపోతోందని! ప్రాజెక్టు అప్పగించిన మేనేజర్‌తో మొదటిది అనబోయి రెండోది అంటే ఏమవుతుందో ఊహించుకోండి.

తెలుగులోంచి దూరే తప్పులు

సి.పి.బ్రౌన్ దొర కడప, మచిలీపట్నం, రాజమండ్రిలో ఉద్యోగం చేస్తూ తెలుగు నేర్చుకున్నారు. 1840లో తెలుగు వ్యాకరణం, 1852లో ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు అచ్చు వేయించారు. ఆయన చూసిన తేడానే మనం అటువైపు నుంచి చూస్తున్నాం. ఇంగ్లీషులో ‘ఆన్ ది టేబుల్’ అయితే మనకు ‘బల్ల మీద’. వాళ్లకు ముందొచ్చేది మనకు వెనకొస్తుంది. పైగా వాళ్ల ప్రతి ప్రిపొజిషన్‌కూ మన విభక్తి ఒకటి సరిగ్గా సరిపోదు. తప్పులు అక్కడే పుడతాయి.

‘దాని గురించి చర్చించాం’ అనుకుని ‘డిస్కస్డ్ అబౌట్ ఇట్’ అంటాం. ‘డిస్కస్డ్ ఇట్’ చాలు. ‘నాకు వివరించండి’ అనుకుని ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అంటాం. ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ’ అనాలి. ‘రావులపాలెంలో బస్సు దిగాను’ అనడానికి ‘గాట్ డౌన్’ అంటాం. బస్సు, రైలు అయితే ‘గాట్ ఆఫ్’, కారు అయితే ‘గాట్ అవుట్’. ‘కోప్ అప్ విత్’లో ‘అప్’ అనవసరం, ‘కోప్ విత్’ చాలు.

మన దగ్గర అందరూ వాడే మరో మాట ‘పాస్ అవుట్’. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2024’ అంటే ఇక్కడ అందరికీ అర్థమవుతుంది. అమెరికా క్లయింటుకు మాత్రం 2024లో మీరు స్పృహ తప్పి పడిపోయారని వినిపించవచ్చు. ‘ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2024’ అంటే ఎక్కడైనా చెల్లుతుంది.

‘నేనుతో’ అనం కదా!

ప్రిపొజిషన్ తర్వాత ‘ఐ’, ‘హి’, ‘షి’, ‘దే’ రావు. ‘మీ’, ‘హిమ్’, ‘హర్’, ‘దెమ్’ వస్తాయి. ‘హి కేమ్ విత్ మై ఫ్రెండ్ అండ్ ఐ’ అనేవాళ్లు చాలామంది. ‘మై ఫ్రెండ్ అండ్ మీ’ అనాలి. సందేహమొస్తే ఫ్రెండ్‌ని పక్కన పెట్టేయండి. ‘విత్ ఐ’ అనం, ‘విత్ మీ’ అంటాం. తెలుగులోనూ ‘నేనుతో’ అనం, ‘నాతో’ అంటాం కదా!

రోజుకు 3 చాలు

- ఫ్రేజల్ వెర్బ్‌ని విడిగా బట్టీ పట్టొద్దు. ‘ఇట్’ లేదా ‘హిమ్’తో కలిపి వాక్యంగా నేర్చుకోండి. ‘పుట్ ఆఫ్’ అని కాదు, ‘దే పుట్ ఇట్ ఆఫ్’ అని రాసుకోండి.
- ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్ లెర్నర్స్ డిక్షనరీల్లో విడదీయగల క్రియల దగ్గర రెండు వైపులా మొనలున్న బాణం గుర్తు ఉంటుంది. అది కనిపిస్తే ‘ఇట్’ మధ్యలోకి వస్తుందని అర్థం.
- పైకి పలకండి. ‘టర్న్ ఇట్ ఆఫ్’లో ‘ఆఫ్’ని, ‘లుక్ ఎట్ ఇట్’లో ‘లుక్’ని ఒత్తాలి.
- ఈ మెయిల్ వాక్యాలు చేతికి అలవాటు చేసుకోండి: ‘ఐ విల్ లుక్ ఇంటు ఇట్’, ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ’, ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ’. చివరిదాంట్లో ‘టు హియర్’ రాయొద్దు, అక్కడ ‘హియరింగ్’ రావాలి.

రోజుకు 3 చొప్పున నేర్చుకున్నా నెలకు 90 అవుతాయి. ఇంటర్వ్యూలో వ్యాకరణం పేర్లు ఎవరూ అడగరు. ‘ఫామ్ ఇచ్చారా?’ అంటే ‘యెస్ సర్, ఐ హ్యాండెడ్ ఇట్ ఇన్’ అని తడుముకోకుండా వస్తే చాలు.