కర్రా? కార్బనా? అరకు చలిలో నాలుగు బ్లేడ్ల పోటీ

2024 జులై 30, పారిస్ ఒలింపిక్స్. చైనా స్టార్ వాంగ్ చుచిన్ మిక్స్‌డ్ డబుల్స్‌లో గోల్డ్ కొట్టాడు. ఆ సంబరంలో, ఫొటోగ్రాఫర్ల తోపులాటలో అతని బ్యాట్ కాళ్ల కింద పడి విరిగిపోయింది. మర్నాడు స్పేర్ బ్యాట్‌తో సింగిల్స్ ఆడాడు. అప్పటికి అతను వరల్డ్ నంబర్ వన్. అయినా స్వీడన్ కుర్రాడు ట్రూల్స్ మోరెగార్డ్ చేతిలో ఓడి, సింగిల్స్ నుంచి అవుట్!

బ్యాట్ మారడం వల్లే ఓడాడా అంటే ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ ఆ రోజు ప్రపంచమంతా ఒకటే మాట్లాడుకుంది: టేబుల్ టెన్నిస్‌లో ఒక చెక్కముక్కకి అంత విలువ ఉంటుందా అని. ఇంకో తమాషా ఏంటంటే, గెలిచిన మోరెగార్డ్ బ్యాట్ గుండ్రంగా కూడా ఉండదు. ఆరు పలకలు! స్టిగా కంపెనీ సైబర్‌షేప్. దాంతోనే అతను పారిస్‌లో సిల్వర్ దాకా వెళ్లాడు. రూల్స్ ప్రకారం బ్యాట్ ఏ సైజైనా, ఏ ఆకారమైనా ఫర్వాలేదు. చదునుగా, గట్టిగా ఉంటే చాలు.

సరిగ్గా ఇదే ప్రశ్న ఈ చలికాలం నాకు అరకు నుంచి వచ్చింది. మా బావ అక్కడ ఓ స్కూల్లో టీచర్. ‘మా దగ్గర తొమ్మిదో తరగతి పాప ఒకతి బాగా ఆడుతోంది రా. కార్బన్ బ్లేడ్ కావాలంటోంది. వాళ్ల నాన్న కాఫీ డబ్బుల్లోంచి పన్నెండు వేలు పక్కన పెట్టాడు. కొనమంటావా, వద్దంటావా?’ అని ఫోన్. యూట్యూబ్ రివ్యూ ఏదో చూసి చెప్పేసే విషయం కాదిది. ఏడాదికి ఒక్కసారి పండే పంట డబ్బు. అందుకే వైజాగ్‌లో నాతో ఆడే ఫ్రెండ్స్‌ని బతిమాలి నాలుగు బ్లేడ్లు సర్దుకుని, కిరండూల్ రైలెక్కా.

బ్లేడ్ అంటే గీసుకునేది కాదు

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. బ్యాట్‌లో రబ్బర్లు తీసేస్తే మిగిలే చెక్కనే బ్లేడ్ అంటారు. సింపుల్‌గా చెప్పాలంటే అదొక ఖరీదైన ప్లైవుడ్. ఐదో, ఏడో పల్చటి చెక్క పొరలు, ఒకదాని నార నిలువుగా, పక్కదాని నార అడ్డంగా పెట్టి అతికిస్తారు. అరకు కాఫీ తోటల్లో నీడ కోసం సిల్వర్ ఓక్ చెట్లు వేస్తారు కదా, మిరియం తీగలు పాకించేవి! ప్లైవుడ్‌కి ఆ కర్ర కూడా వాడతారు. సూత్రం అదే, చెట్లు వేరు. బ్లేడ్లలో కిరి, లింబా, కోటో లాంటి కర్రలు కనిపిస్తాయి. నడిమధ్య ఉండే కిరి బాగా తేలిక.

మరి కార్బన్ ఎక్కడుంటుంది? ఆ పొరల మధ్య బట్టలా నేసిన పల్చటి నార రూపంలో. చాలామంది అనుకున్నట్టు ‘కార్బన్ బ్యాట్’ అంటే మొత్తం కార్బన్ కాదు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం బ్లేడ్ మందంలో కనీసం 85 శాతం సహజమైన కర్రే ఉండాలి. ఒక్కో నార పొర మొత్తం మందంలో 7.5 శాతం గానీ, 0.35 మి.మీ. గానీ దాటకూడదు. ఈ రెండింట్లో ఏది తక్కువైతే అదే లెక్క. 6 మి.మీ. బ్లేడ్ తీసుకోండి. 7.5 శాతం అంటే 0.45 వస్తుంది. కాబట్టి అక్కడ 0.35 దగ్గరే ఆగాలి. ఆ కాస్త నార కోసమే వేలకి వేలు!

అంత పల్చటి నార ఏం చేస్తుందంటే, బ్లేడ్‌ని బిగుతుగా చేస్తుంది. బంతి తగిలినప్పుడు చెక్క తక్కువ వంగుతుంది. బంతి వేగంగా బయటికెళ్తుంది. ఇంకా పెద్ద లాభం ఒకటుంది. బ్యాట్ నడిమధ్య కాకుండా కాస్త పక్కకి తగిలినా షాట్ చావదు. అయితే ఉత్త కార్బన్ చేతికి మొద్దుగా అనిపిస్తుంది. అందుకే దాన్ని ఆరిలేట్ అనే మరో నారతో కలిపి నేశారు. ఆరిలేట్ వణుకుని పీల్చుకుంటుంది. ఈ జంటనే ఏఎల్‌సీ అంటారు. జపాన్ కంపెనీ బటర్‌ఫ్లై 1993లో తెచ్చిన విస్కేరియా ఈ ఏఎల్‌సీ బ్లేడే. ఇప్పటికీ దాని క్రేజ్ తగ్గలేదు. ఆ నారనే ఇంకా చిక్కగా నేసి సూపర్ ఏఎల్‌సీ అని కొత్త మోడల్స్ దించారు. జైలాన్ నారతో చేసినవి జెడ్‌ఎల్‌సీ. అవి ఇంకా దూకుడు.

కార్బన్ మోజు ఇంత పెరగడానికి బంతి కూడా ఓ కారణం. 2000లో బంతి 38 మి.మీ. నుంచి 40కి పెరిగింది. 2008లో స్పీడ్ గ్లూ బ్యాన్ అయింది. 2014లో సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ బంతి వచ్చింది. ఒక్కో మార్పుకీ వేగమో, స్పిన్నో కొంత తగ్గింది. పోయినదాన్ని తిరిగి రాబట్టుకోవడానికి ఆటగాళ్లు బ్లేడ్ వైపు చూశారు.

పేర్లు దాచేసి ఆడించా

నేను తీసుకెళ్లినవి ఇవి. ఒకటి, ఐదు పొరల కర్ర: స్టిగా ఆల్‌రౌండ్ క్లాసిక్. రెండు, ఏడు పొరల కర్ర: స్టిగా క్లిప్పర్. మూడు, ఇన్నర్‌ఫోర్స్ లేయర్ ఏఎల్‌సీ: ఇందులో నార లోపల, మధ్య కర్రని ఆనుకుని ఉంటుంది. నాలుగు, విస్కేరియా: ఇందులో నార పైపొర కిందే ఉంటుంది. మూడు, నాలుగూ రెండూ బటర్‌ఫ్లైవే, రెండింట్లోనూ ఏఎల్‌సీయే. నార ఉన్న చోటు ఒక్కటే కాదు, పైపొర కర్ర కూడా వేరే. మొదటిదాంట్లో లింబా, రెండోదాంట్లో కోటో.

పేరు చూస్తే మనసు ముందే తీర్పు ఇచ్చేస్తుంది. అందుకే పిడులన్నింటికీ తెల్ల టేప్ చుట్టి అంకెలు రాశా. నాలుగింటికీ ఒకే జత రబ్బర్లు. ఒకదాని మీంచి ఊడదీసి ఇంకోదానికి అతికించడం, గ్లూ ఆరేదాకా ఆగడం. రెండు రోజులు పట్టింది. స్కూలు హాల్లో ఉన్నది ఒకటే టేబుల్. మిగతా పిల్లలు చుట్టూ చేరి బెట్టింగులు!

మొదట ఐదు పొరలది. పాప టాప్‌స్పిన్ వేస్తుంటే బంతి బ్యాట్ మీద ఓ క్షణం కూర్చుని వెళ్తున్నట్టుంది. నిజానికి బంతి బ్యాట్‌ని తాకి ఉండేది సెకనులో వెయ్యో వంతు మాత్రమే. కానీ చేతికి ఆ తేడా తెలుస్తుంది. పుష్‌లు నెట్‌ని రాసుకుంటూ వెళ్లాయి. సర్వీసులు పొట్టిగా పడ్డాయి. ఇబ్బంది ఎక్కడంటే, టేబుల్‌కి దూరం జరిగినప్పుడు. అక్కడ్నుంచి బలమంతా తనదే పెట్టాలి. చెక్క సాయం చెయ్యదు.

ఏడు పొరలది బండరాయిలా నిలకడ. నేను కొట్టిన స్మాష్‌లని బ్లాక్ చేస్తుంటే గోడకి కొట్టినట్టే తిరిగొచ్చాయి. ‘గట్టిగుంది గానీ, చెయ్యి లాగేస్తందన్నా’ అంది పాప. చేతికి తెలిసేంత బరువుంది మరి.

మూడోది పట్టుకున్న పది నిమిషాలకి కళ్లు పెద్దవయ్యాయి. ‘ఏటన్నా ఇది, మెల్లగా కొడితే కర్రలాగుంది, గట్టిగా కొడితే తుపాకీలాగుంది!’ లోపలి నార బ్లేడ్ల గురించి ఇంతకంటే బాగా చెప్పిన రివ్యూ నేనెక్కడా చదవలేదు. మెల్లటి దెబ్బకి పైనున్న కర్ర పొరలే పని చేస్తాయి. గట్టి దెబ్బకి బ్లేడ్ వంగబోతే అప్పుడు లోపలి నార అడ్డుపడి బంతిని తోస్తుంది.

నాలుగోది విస్కేరియా. ఫోర్‌హ్యాండ్ కౌంటర్లు కొడుతుంటే హాలంతా ఈలలు. బంతి తగిలీ తగలగానే వెళ్లిపోతోంది. కానీ 11 పాయింట్ల గేమ్ మొదలుపెట్టగానే కథ మారింది. సర్వీస్ పొడుగైపోతోంది. పుష్ పైకి లేస్తోంది. లేచిన బంతిని నేను ఊరికే వదులుతానా? అదే పాపతో ఐదు పొరల బ్లేడ్ మీద నాకు చెమటలు పట్టాయి. దీని మీద నేను హాయిగా గెలిచా. ర్యాలీలో రాజు, పొట్టి ఆటలో కోతి. దీన్ని అదుపులో పెట్టాలంటే రోజూ ప్రాక్టీస్ కావాలి. తనకి టేబుల్ దొరికేది వారానికి మూడు రోజులు, అదీ గంట చొప్పున.

మంచుకి ఏ బ్లేడైనా ఒకటే

అరకు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంటుంది. చలికాలం పొద్దున్నే ఆడితే వైజాగ్‌లో ఆడిన చేతికి ఏదో తేడా కొడుతుంది. ఎత్తుకి గాలి పల్చబడుతుంది. చలికి మళ్లీ చిక్కబడుతుంది. ఈ రెండూ కొంతవరకు సరిపుచ్చుకుంటాయి. అసలు విలన్లు వేరే ఉన్నారు. చలికి రబ్బరు కింది స్పాంజ్ బిర్రబిగుస్తుంది, బంతి చురుగ్గా లేవదు. మంచు తేమ రబ్బరు మీద చేరితే బంతి పట్టు దొరక్క జారిపోతుంది. తేమని పీల్చుకుంటే కర్ర బరువెక్కుతుంది, మందకొడిగా ఆడుతుంది. కార్బన్ తేమ పీల్చదు కదా అంటారా? 85 శాతం కర్రే అని ముందే చెప్పుకున్నాం. ఏ బ్లేడైనా దుప్పట్లో చుట్టి పడుకోబెట్టాల్సిందే. ఆడే ముందు రబ్బరుని మెత్తటి పొడి బట్టతో తుడవండి. బ్యాట్‌ని జిప్ కవర్‌లో ఉంచండి. పొయ్యి దగ్గర మాత్రం పెట్టకండి, గ్లూ ఊడిపోతుంది.

పన్నెండు వేల పంచాయితీ

రెండో రోజు సాయంత్రం పాప వాళ్ల నాన్న తోట పని ముగించుకుని వచ్చాడు. విస్కేరియాని తిప్పి తిప్పి చూసి అడిగాడు: ‘బాబూ, ఈ నల్లటి నారలో అంత ఏటుంది? మా ఇంటి వెనకాల వెదురుంది. దాన్నీ ఎంత వంచినా విరగదు.’

నవ్వులాటకన్నా అందులో పాయింట్ ఉంది. వెదురు కూడా ప్రకృతి చేసిన కాంపోజిటే. మెత్తటి గుజ్జులో గట్టి నారలు. బయటి తొక్క వైపు నారలు దట్టంగా, లోపలికి పల్చగా ఉంటాయి. బ్లేడ్ కంపెనీలు చేసేదీ అదే ఆట. నార బయటికి జరిపితే బిగువు, లోపలికి జరిపితే మెత్తదనం. ‘బాబాయ్, వెదురులో ఉన్నదే ఇందులోనూ ఉంది, కాకపోతే కొలిచి పెట్టారు’ అన్నా. ఆయనకి వెంటనే అర్థమైంది.

తర్వాత టేప్ విప్పకుండానే పాపని అడిగా: ‘రేపు ట్రయల్స్ అయితే ఏది పట్టుకెళ్తావ్?’ చాలాసేపు ఆలోచించి ఒకటో నంబర్ తీసింది. ‘మూడోది ఇష్టమే. కానీ దీంతో అయితే బంతి ఎక్కడ పడతాదో నాకు ముందే తెలుస్తంది.’ టేప్ విప్పి రేటు చెప్పగానే వాళ్ల నాన్న మొహం చూడాలి! నాలుగింట్లో అదే చవక.

లెక్క కాగితం మీద వేశాం. ఐదు పొరల బ్లేడ్, దానికో మంచి రబ్బర్ల జత. ఆర్నెల్లకి రబ్బరు పాడవుతుంది కాబట్టి ఇంకో జతకి డబ్బు పక్కన. మిగిలినదాంట్లో బూట్లు. ఎందుకంటే పాప ఇప్పటిదాకా ఆడింది స్లిప్పర్లతో! అన్నీ కలిపినా పన్నెండు వేలు దాటలేదు. కార్బన్ కొని ఉంటే బ్లేడ్‌తోనే డబ్బు చెల్లు. నాసిరకం రబ్బర్లు వేసుకోవాల్సి వచ్చేది. స్పిన్ పుట్టించేది రబ్బరే అన్నది మర్చిపోకూడదు.

మరి మీకు ఏది?

ఆట మొదలుపెట్టి ఒకట్రెండేళ్లే అయితే కళ్లు మూసుకుని ఐదు పొరల కర్ర. టేబుల్ దగ్గరే నిలబడి బ్లాక్, స్మాష్ ఆడేవాళ్లయితే ఏడు పొరలది ట్రై చేయండి. సర్వీస్, పుష్, టాప్‌స్పిన్ మీ మాట వింటున్నాయి, దూరం నుంచి పవర్ మాత్రం చాలట్లేదు అనిపిస్తే లోపలి నార బ్లేడ్. వారానికి ఐదారు రోజులు కోచ్ దగ్గర ఆడుతూ, ర్యాలీలతోనే పాయింట్లు గెలిచేవాళ్లకే బయటి నార.

ఒక జాగ్రత్త. ఆన్‌లైన్‌లో సగం ధరకే పెద్ద పేరున్న బ్లేడ్ కనిపిస్తే ఆగండి. మా ఫ్రెండ్ ఒకడు అలా కొన్నది నెలకే పొరలు విడిపోయింది. డబ్బు వెనక్కి రాలేదు. నమ్మకమైన డీలర్ దగ్గర, బిల్లుతో కొనండి. కుదిరితే క్లబ్‌లో ఎవరిదైనా ఓ వారం అడిగి ఆడి చూడండి.

వచ్చేటప్పుడు పాప అడిగింది, ‘అన్నా, ఆకుల శ్రీజ అక్క కూడా మొదట కర్రతోనే ఆడిందా?’ అని. ఆమె చిన్నప్పటి బ్యాట్ సంగతి నాకెలా తెలుస్తుంది? తెలిసింది చెప్పా. హైదరాబాద్ అమ్మాయి. 2022లో నేషనల్ చాంపియన్, అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్‌లో శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ గోల్డ్. 2024 పారిస్‌లో, సరిగ్గా తన 26వ పుట్టినరోజున, ఒలింపిక్స్ సింగిల్స్ ప్రీ క్వార్టర్స్‌కి చేరింది. పాప అంతా విని ఒకటే అంది: ‘అయితే మూడో నంబర్ పైయేడు కొందాం. ముందు నా సర్వీస్ పొట్టిగా పడనీ.’

ఆ ‘పైయేడు’ కోసం నేనూ ఎదురుచూస్తున్నా. ఈలోగా ట్రయల్స్ వస్తున్నాయి. స్కూల్లో టేబుల్ ఇంకొంచెం ఎక్కువసేపు తెరిచి ఉంచమని బావకి చెప్పి వచ్చా. ఏ నారా ఇవ్వలేనిది ఆ అదనపు గంటే.