గోల్ఫ్ యాప్‌కి మ్యాప్ ఎలా గీస్తారు? మా నిజాంపట్నం మొగ దగ్గర నేను చేసిన తప్పు

వెనకాల డీజిల్ ఇంజన్ల చప్పుడు వినిపిస్తోంది కదా, కొంచెం సర్దుకోండి. ఈసారి ఎపిసోడ్ రూములో కూర్చుని కాదు, మా ఊరు నిజాంపట్నం హార్బర్‌లో జెట్టీ మీద కూర్చుని చేస్తున్నా. టాపిక్ మాత్రం గోల్ఫ్. నవ్వకండి! మా ఊళ్ళో గోల్ఫ్ కోర్సు లేదు, రేపల్లెలో లేదు, తెనాలిలోనూ లేదు. కానీ బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో నాకు దొరికిన మొదటి పని గోల్ఫ్ కోర్సులకి మ్యాపులు గీయడమే. ఇంట్లో చెబితే మా అమ్మ, "గడ్డి బొమ్మలు గీస్తే జీతమిస్తార్రా?" అంది. ఇచ్చారమ్మా, నిజంగానే ఇచ్చారు.

ఆ పనిలో నేర్చుకున్నది తీసుకొచ్చి మా ఊరి సముద్రం మీద ప్రయోగించా. అక్కడ బోల్తా పడ్డా. రెండూ చెప్తాను. ముందు గోల్ఫ్.

గోల్ఫ్ ఆడేవాడికి కావాల్సింది ఒక్కటే: "నేను నిలబడ్డ చోటి నుంచి గ్రీను ఎంత దూరం?" గ్రీను అంటే చివర్లో నున్నగా కత్తిరించిన గడ్డి, అందులో బంతి పడాల్సిన గుంట ఉంటుంది. ఆ గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, అంటే 108 మిల్లీమీటర్లు. మొదలుపెట్టే చోటుని టీ అంటారు. మధ్యలో ఫెయిర్‌వే, దారిలో ఇసుక గుంటలు, అవి బంకర్లు. ఇలాంటి హోల్స్ 18 కలిస్తే ఒక పూర్తి కోర్సు. దూరాన్ని గజాల్లో చెప్పుకుంటారు. దూరాన్ని బట్టి ఏ కర్రతో కొట్టాలో తేల్చుకుంటారు. ఒక కర్రకీ దాని పక్క కర్రకీ తేడా సుమారు 10 గజాలు. అందుకే దూరం చెప్పే యాప్‌కి అంత గిరాకీ. 2019లో వచ్చిన కొత్త రూల్స్ ప్రకారం, పోటీ పెట్టేవాళ్ళు ప్రత్యేకంగా వద్దనకపోతే మ్యాచ్‌లో కూడా ఇలాంటి పరికరం వాడుకోవచ్చు. ఎత్తుపల్లాలు లెక్కగట్టి చెప్పడం మాత్రం కుదరదు.

సరే, యాప్‌కి ఆ దూరం ఎలా తెలుస్తుంది? దానికి రెండు పాయింట్లు కావాలి. ఒకటి మీరున్న చోటు, రెండోది గ్రీను ఉన్న చోటు. మొదటిది ఫోను చెప్తుంది. రెండోది నాలాంటివాడు ఎప్పుడో ఒకరోజు కూర్చుని గీసి పెట్టి ఉండాలి.

మొదటిది: ఫోను వింటుంది, అంతే

చాలామంది జీపీఎస్ అంటే ఫోను ఉపగ్రహానికి సిగ్నల్ పంపుతుందనుకుంటారు. పంపదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు "నేనిక్కడున్నా, ఇప్పుడు టైమింత" అని చెప్పుకుంటూ పోతాయి. ఫోను ఊరికే వింటుంది. ఆ మాట చేరడానికి ఎంత సేపు పట్టిందో చూసి దూరం లెక్కేస్తుంది. మూడు దూరాలు చాలు కదా అంటారా? ఫోనులో గడియారం అంత కచ్చితమైంది కాదు. సెకనులో పది లక్షల వంతు తేడా వస్తే దూరంలో 300 మీటర్లు తప్పుతుంది. ఆ గడియారం తప్పుని కూడా లెక్కగట్టాలి కాబట్టి నాలుగో ఉపగ్రహం కావాలి.

ఇందులో నెట్ ఎక్కడా లేదు, గమనించారా? నెట్ ఉంటే ఫోను తొందరగా ఉపగ్రహాలని పట్టుకుంటుంది, వెనక మ్యాపు బొమ్మ లోడవుతుంది, అంతే. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే, టవర్ అందని నడిసముద్రంలో కూడా మీ ఫోను మీరెక్కడున్నారో చెప్తుంది. మా బోట్లవాళ్ళకి ఈ ఒక్క ముక్క ఎంత విలువైందో.

ఆరుబయట మామూలు ఫోను సుమారు 5 మీటర్ల తేడాలో చెప్తుంది. చెట్ల కింద, గోడల పక్కన ఇంకా పెరుగుతుంది.

రెండోది: గీసేవాడి పని

ఉపగ్రహం తీసిన ఫొటోని స్క్రీన్ మీద పెట్టుకుంటాం. ఉదాహరణకి హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కన, నయా ఖిలాలో 18 హోల్స్ కోర్సు ఉంది. పని నేర్చుకునే రోజుల్లో నేను దాన్నే తెరిచి ప్రాక్టీసు చేసేవాణ్ణి. మీరూ ఫోనులో శాటిలైట్ వ్యూ పెట్టి చూడండి. కోట గోడల పక్కన పచ్చటి పాయల్లా ఫెయిర్‌వేలు, వాటి చివర చిన్న చిన్న ముద్దల్లా గ్రీన్లు కనిపిస్తాయి. ఆ గ్రీను అంచు చుట్టూ మౌస్‌తో చుక్క, చుక్క, చుక్క పెడుతూ పోతే ఒక ఆకారం వస్తుంది. ప్రతి చుక్కకీ ఒక అక్షాంశం, ఒక రేఖాంశం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ప్రపంచ మ్యాపులో కూడా టీ, ఫెయిర్‌వే, గ్రీను, బంకర్ అని విడివిడిగా గుర్తులున్నాయి. ఓపికుంటే మీరూ గీయొచ్చు.

ఇప్పుడు లెక్క. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశంలో డిగ్రీ భూమధ్యరేఖ దగ్గర అంతే ఉంటుంది, ధ్రువం వైపు పోయేకొద్దీ తగ్గుతుంది. మా నిజాంపట్నం దగ్గర అది దాదాపు 107 కిలోమీటర్లు. అంటే రెండు చుక్కల మధ్య తేడా అటు 0.001 డిగ్రీ, ఇటు 0.001 డిగ్రీ ఉంటే, ఒక పక్క 111 మీటర్లు, ఇంకో పక్క 107 మీటర్లు. ఎనిమిదో క్లాసులో చదివిన పైథాగరస్‌ని లేపితే సుమారు 154 మీటర్లు, అంటే 168 గజాలు. యాప్ లోపల ఫార్ములా ఇంకాస్త పెద్దది, కానీ విషయం ఇదే. ఇంకో మాట గుర్తుపెట్టుకోండి: దశాంశం తర్వాత నాలుగో అంకె దాదాపు 11 మీటర్లు, ఐదో అంకె 1 మీటరు. ఎవరికైనా లొకేషన్ అంకెల్లో పంపేటప్పుడు చివరి అంకెలు కోసేయకండి.

ఇక తప్పులెక్కడొస్తాయి? ఫొటోనే నాలుగైదు మీటర్లు పక్కకి జరిగి ఉండొచ్చు. చెట్టు కొమ్మలు గ్రీను అంచుని కప్పేయొచ్చు. నీడని నీళ్ళనుకోవచ్చు. ఫొటో తీశాక కోర్సువాళ్ళు గ్రీను మార్చి ఉండొచ్చు. నాకు అలాగే అయింది. ఒక కోర్సులో పాత ఫొటో చూసి గ్రీను గీశా. అక్కడ ఆడినాయన కంప్లయింట్ పెట్టాడు, యాప్ చెప్పిన చోట బంకర్ ఉందట.

ఇక్కడ ఒక తేడా ఉంది, చూడండి. ఫోను తప్పు నిమిషానికోలా మారుతుంది; ఒకసారి ఇటు, ఒకసారి అటు. కాసేపు కదలకుండా నిలబడితే కొంత సర్దుకుంటుంది. మ్యాపు తప్పు అలా కాదు. మీరు ఎంతసేపు నిలబడ్డా, ఎంత ఖరీదైన ఫోను కొన్నా, అది అక్కడే ఉంటుంది. ఆ చోటుకి వచ్చిన ప్రతివాడికీ అదే తప్పు చెప్తుంది.

ఇంకో తమాషా. గ్రీనులో గుంటని మేం మ్యాపులో పెట్టం. ఎందుకంటే కోర్సువాళ్ళు దాన్ని తరచూ మారుస్తారు, చాలాచోట్ల రోజూ. అందుకని యాప్ గ్రీను ముందు అంచుకి ఇంత, మధ్యకి ఇంత, వెనక అంచుకి ఇంత అని మూడు దూరాలు చెప్తుంది. ఈ రోజు గుంట ఎక్కడుందో జెండా చూసి ఆడేవాడే తేల్చుకోవాలి. మారనిది మ్యాపుకి, మారేది కంటికి. ఈ సూత్రం నాకు ఆఫీసులో మొదటి వారంలోనే చెప్పారు. నేనే వంటబట్టించుకోలేదు.

మా మొగ కథ

మా బాబాయ్ బోటు సరంగు. హార్బర్ నుంచి బోటు సముద్రంలోకి పోవాలంటే మొగ దాటాలి. కాలవ సముద్రంలో కలిసే చోటది. అక్కడ ఇసుక మేట వేస్తుంది. లోతు ఉన్న దారి సన్నం. పోటు మీద పర్లేదు, పాటు మీద బోటు అడుగు తగులుతుంది. ఒక సంక్రాంతికి ఇంటికొస్తే బాబాయ్ అన్నాడు, "ఏరా, ఎక్కడో గడ్డికి మ్యాపులు గీస్తావ్, మన మొగకి గీయలేవా?"

రోషం వచ్చింది. ఫోనుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బాబాయ్ బోటులో మూడుసార్లు వెళ్ళొచ్చా. ఫోను నడిచిన దారిని రికార్డు చేసింది. మూడు గీతల్ని సగటు చేసి ఒక నీలి గీత గీశా. నెట్ లేకుండా పనిచేసేలా చేసి, మా పిన్ని కొడుకు ఫోనులో పెట్టా. వాడికి ఇరవై రెండేళ్ళు, అప్పుడప్పుడే చుక్కాని పడుతున్నాడు. కొన్ని నెలలు గీత బాగానే పనిచేసింది. వాడు అందరికీ చూపించుకున్నాడు, నేనూ పొంగిపోయా.

తర్వాత వేట నిషేధం వచ్చింది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. తర్వాత వానలు, వరద. ఆ కార్తీకంలో ఒక తెల్లవారుజామున, చీకట్లో, పాటు మీద, వాడు నా గీత పట్టుకుని లోపలికి వస్తున్నాడు. బోటు మేట ఎక్కింది. అలలు పక్కనుంచి కొట్టాయి. ఫ్యాను రెక్క విరిగింది, ఒకడి భుజం బెణికింది. పోటు వచ్చేదాకా నాలుగు గంటలు ఆ ఇసుక మీద ఒరిగి ఉన్నారు. ఆ రోజు గాలి లేదు కాబట్టి సరిపోయింది. గాలి ఉంటే నేనీ వీడియో ఇంత నింపాదిగా చేసేవాణ్ణి కాదు.

బాబాయ్ నన్ను తిట్టలేదు. వాణ్ణి అడిగాడు, "కర్ర చూడలేదా?" మొగలో లోతు ఎటు ఉందో తెలియడానికి మనవాళ్ళు గుడ్డ కట్టిన కర్రలు పాతుతారు. ఇసుక జరిగితే కర్ర కూడా జరుపుతారు. వాడు ఫోను చూస్తూ కర్ర చూడలేదు. వాడు చూడకుండా చేసింది నా నీలి గీత.

అప్పుడు అర్థమైంది. గోల్ఫ్‌లో నేను గ్రీను గీసి గుంటని వదిలేశా. ఇక్కడ గుంటనే గీసి, అదెప్పుడూ అక్కడే ఉంటుందన్నట్టు పెట్టా. గీత మీద తేదీ కూడా వేయలేదు.

ఇప్పుడేం మార్చానంటే, మ్యాపులో జెట్టీ, మడ అడవి అంచు, ఒడ్డున కట్టడాలు మాత్రమే స్థిరంగా ఉంటాయి. మొగ దగ్గర గీత లేదు, వెడల్పాటి పట్టీ ఉంది, దాని మీద "కర్ర చూడు" అని రాసుంటుంది. ఎవరైనా కొత్తగా దాటినప్పుడు వాళ్ళ దారి చేరుతుంది, పక్కనే తేదీ, పోటా పాటా అన్నది ఉంటుంది. పదిహేను రోజులు దాటితే ఆ దారి తనంతట తానే చెరిగిపోతుంది.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే చోట్ల గురించి ఇచ్చే సూచనలు చూసినా ఇదే తెలుస్తుంది. ఏ దిక్కు, ఎంత దూరం, ఎంత లోతు అని చెప్తూ, ఎప్పటివరకు పనికొస్తుందో కూడా చెప్తారు. చేప ఒకచోట ఉండదు కదా.

కాబట్టి ఫ్రెండ్స్, ఫోనులో నీలి చుక్క కనిపించగానే దాని కిందున్న బొమ్మ కూడా అంతే నిజమనుకోకండి. చుక్క ఇప్పటిది. బొమ్మ ఎప్పటిదో ఒకసారి అడగండి. మీరు గీసేవాళ్ళైతే తేదీ వేయండి.

అదిగో, బాబాయ్ బోటు లోపలికొస్తోంది. తాడు అందుకోవాలి. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.