గోదావరి ఛాయాచిత్రము

నేడు చేతిఫోను లేని యిల్లు అరుదు. చూడబోయిన చోటనెల్ల మనము ఛాయాచిత్రములు తీయుచున్నాము. కాని కన్నులార చూచిన సొగసు చిత్రమున కానరాక, ఇంటికి వచ్చి చిన్నవోవుచున్నాము. ఇందులకు కారణము నాకు తెలిసివచ్చిన విధమును విన్నవించెదను.

మా తండ్రిగారు కొవ్వూరివారు. రాజమహేంద్రవరమున కొలువు చేయుచు, ప్రతిదినము హేవలాకు వంతెనమీద రైలులో గోదావరిని దాటెడివారు. 1900లో తెఱవబడిన యా వంతెనపై 1997లో రైళ్లు నిలిచిపోయినవి. నిరుడు వారు మంచము పట్టి, "ఒక్కసారి గోదావరిని చూపింపుమమ్మా" అని యడిగిరి. నేను మధ్యాహ్నము వంట ముగించుకొని గట్టునకు పోయి, చిత్రము తీసి తెచ్చితిని. వారు చాలసేపు చూచి, "ఇది నీరా, ఆకాశమా?" అనిరి. నా మనసు చివుక్కుమన్నది.

లోపము నాదే. నడినెత్తిని సూర్యుడున్నపుడు నీడలు కుఱుచయై, దృశ్యమునకు లోతు చాలదు. పైగా నీరును నింగియు కలియు గీత చిత్రమును సరిగా రెండుగా కోసినది. దగ్గఱ వస్తువేదియు లేనందున నది వెడల్పు తెలియరాదయ్యెను.

రాజమహేంద్రవరము నదికి తూర్పుగట్టున నున్నది. కావున అచట నిలిచినవారికి సూర్యుడు నీటికావల అస్తమించును. నీటిమీది సూర్యోదయము కోరువారు కొవ్వూరు గట్టునకు పోవలెను. ఈ చిన్న సంగతిని గమనింపకయే నేను వేళకాని వేళ పోయితిని.

మఱునాటి సాయంకాలము మావారు బడినుండి రాగానే యిరువురము పోయితిమి. మొదట ఫోను అద్దమును మెత్తని బట్టతో తుడిచితిని. వంటింటి చేతిజిడ్డు దానికి పరమశత్రువు. తెరపై అడ్డముగను నిలువుగను గీతలు కనబడునట్లు అమర్చి, నీరు రెండు పాళ్లు, ఆకాశ మొకపాలు ఉండునట్లు చూచితిని. ముందు కట్టివేసిన పడవయు, ఒక మూలనుండి ఆవలి యొడ్డునకు సాగు వంతెనయు చేర్చితిని. దూరపు వస్తువును వ్రేళ్లతో పెద్దది చేసిన చిత్రము మసకబాఱును. అందుచే నాలుగడుగులు ముందునకు నడచితిని. సూర్యునికి చేరువనున్న ఆకాశముపై వ్రేలుంచి వెలుగు తగ్గింపగా, పడవయు వంతెనయు నల్లని రూపులై, నీరు బంగారమై నిలిచెను. మనుష్యుల ముఖములును చెట్ల రంగులును తెలియవలెనన్నచో సూర్యుడు ప్రక్కనుండునట్లు నిలువవలెను.

సూర్యుడు క్రుంకగనే మరలరాదు. పిమ్మట కొంతసేపటికి ఆకాశమున రంగులు హెచ్చుటయు కలదు. ఇంటిపని జ్ఞప్తికి వచ్చుచున్నను నిలిచితిని.

ఆ రాత్రి తండ్రిగారు చిత్రమును చూచి వంతెన స్తంభమొకదానిపై వ్రేలుంచి, "ఇచటికి రాగానే మీ అమ్మ పెట్టిన అన్నపుమూట తడవి చూచుకొనెడివాడను" అనిరి. మఱేమియు పలుకలేదు.

చిత్రము తీయుటకు ముందు, ఎవరికి ఏమి చూపవలెనో తలచుకొనుడు. పిదప తగిన వెలుతురు వచ్చువఱకు వేచియుండుడు.